పెద్ద సిస్టర్ మందుల సంచి

మా పెద్ద సిస్టర్ పోయారన్న కబురు నాకు జిరాక్స్ షాపులో అందింది. సోమవారం పొద్దున, సిద్దిపేట బస్టాండు దగ్గర షాపులో నిలబడి, గురువారం మొదలయ్యే క్లాసు కోసం కాగితాలు తీయిస్తున్నాను. ఫోన్ చేసింది ఆమె మేనల్లుడు. "అక్కా, అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తీస్కపోయి లేపితే లేవలే" అన్నాడు. ఆ మాట చెప్పి ఫోన్ పెట్టేశాడు. షాపతను నా మొహం చూసి మిషన్ ఆపేశాడు. "మేడమ్, సగమే అయినయ్. ఇంక తియ్యాల్నా, ఆపాల్నా?" అని మెల్లగా అడిగాడు.

"తియ్యి" అన్నాను. ఏడుస్తూనే అన్నాను. ఆపమని ఉంటే ఆమె నన్ను ఎన్ని తిట్లు తిట్టేవారో నాకు తెలుసు.

మీలో చాలామందికి ఆమె తెలిసి ఉండరు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా చేసి, చివర్లో క్యాన్సర్ వార్డుకు హెడ్ నర్సుగా ఉండి రిటైరయ్యారు. మా అందరికీ పెద్ద సిస్టర్. రిటైరైన మరుసటి నెలలోనే, ఒక బట్టల దుకాణం పైన హాలు కిరాయికి తీసుకుని క్లాసు మొదలుపెట్టారు. క్యాన్సర్ వచ్చిన పెద్ద వయసు వాళ్లను ఎలా చూసుకోవాలో నర్సులకు, ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు నేర్పే క్లాసు అది. హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్లు మందు రాసి పంపిస్తారు. ఆ మందుతో డెబ్బై ఏళ్ల మనిషి ఊళ్లో, ఇంట్లో, కోడలు కూలికి పోయాక ఒంటరిగా ఎలా నెట్టుకొస్తుందో చూడాల్సింది మేమే. అది మాకు ఎవరూ నేర్పలేదు. ఆమె నేర్పారు.

ఆ క్లాసులో మొదటి గంట ఎప్పుడూ ఒక కథతోనే మొదలవుతుంది. ఒక నర్సు చేసిన తప్పు కథ. ఇన్నేళ్లూ దాన్ని పెద్ద సిస్టరే చెప్పారు. ఆమె తర్వాత చెప్పాల్సింది నేను. చెప్పలేక ప్రతి బ్యాచికీ ఏదో ఒక సాకు పెట్టి తప్పించుకుంటూ వచ్చాను. జిరాక్స్ షాపులో "తియ్యి" అన్నప్పుడే నాకు అర్థమైంది, ఇంక సాకులన్నీ అయిపోయాయని.

ఆమె పొట్టి మనిషి. రిటైరైనా తెల్లచీర మానలేదు. గడియారం కుడిచేతికి, ఎడమచేతి గాజులకు నాలుగైదు పిన్నీసులు. టీలో మూడు చెంచాల పంచదార వేసుకునేవారు. అంత తీపి ఎందుకు మేడమ్ అంటే, "షుగరొచ్చినంక నువ్వే చూస్కుందువు తియ్, నేర్పిన గద" అనేవారు. ఆదివారం చర్చికి వెళ్లడం, శనివారం సాయంత్రం కుట్టుమిషన్ ముందు కూర్చోవడం, ఈ రెండూ తప్పవు. కోపం మాత్రం వారంలో ఏ రోజైనా వచ్చేది. ముఖ్యంగా "ముసల్ది" అన్న మాట వింటే ఇక చూడాలి. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి, "మేడమ్, నాలుగో బెడ్డు ముసల్ది తింటలేదు" అన్నాను. ఆమె కలం పక్కన పెట్టి, "నాలుగో బెడ్డుకు పేరు లేదా? పోయి పేరు అడుక్కొని రా. ఎందుకు తింటలేదో గూడ ఆమెనే అడుగు, నన్ను కాదు" అన్నారు. వెళ్లి అడిగాను. పళ్లు లేవని, దవాఖాన అన్నం పలుకుగా ఉంటుందని ఆ అమ్మ చెప్పింది. అంతే సంగతి.

ఆమెకో చిన్న స్టూలు ఉండేది. వార్డులో ఏ పెద్దమనిషి దగ్గరికి వెళ్లినా ఆ స్టూలు పట్టుకుపోయి, మంచం పక్కన వేసుకుని, కూర్చున్నాకే నోరు తెరిచేవారు. మేమంతా నిలబడి, వంగి, గొంతు చించుకుని అడిగేవాళ్లం. "గంత గట్టిగ ఒర్లుడెందుకు? ఆమెకు చెవులు మంచిగనే ఉన్నయ్. నువ్వు నిలవడితే పోయేతొందర్ల ఉన్నవనుకొని ఏం చెప్పది. ముందు కూసో, తర్వాత అడుగు" అనేవారు. పనులన్నీ నెత్తిమీద ఉంటే కూర్చునే తీరిక ఎక్కడిది అని నేను గొణిగేదాన్ని. నాకు తీరిక లేకపోవడం వల్ల ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను.

ధూళిమిట్ట వైపు ఊరి నుంచి ఒక అవ్వ వచ్చేది. కూలి చేసి బతికిన మనిషి. రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, కొన్నాళ్లు సూదులు అయ్యాయి, తర్వాత గోలీలు రాశారు. పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని, రెండు పూటలూ తిన్న తర్వాతే వేసుకోవాలి. ఆ రోజు ఆ గోలీలు చేతిలో పెట్టి చెప్పిన నర్సును నేను. "అవ్వా, రెండు పూటల తిన్నంకనే ఏస్కోవాలె. ఉత్త కడుపున ఏస్కోవద్దు. సమజైందా?" అన్నాను. అవ్వ తల ఊపింది. "ఎట్లున్నవ్?" అంటే "మంచిగనే ఉన్న బిడ్డా" అంది. కాగితం మీద 'వివరించాను, అర్థమైంది' అని రాసి సంతకం పెట్టాను. నిలబడే రాశాను.

మూడు వారాల తర్వాత ఆమెను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. నోరంతా పుండ్లు. విరేచనాలు ఆగడం లేదు. అరచేతులు ఎర్రగా కమిలి పొట్టు లేస్తున్నాయి. ఒంట్లో నీళ్లన్నీ పోయి, పిలిస్తే పలకడం లేదు. రెండు రోజులు బతుకుతుందని ఎవరికీ నమ్మకం లేదు. మూడోరోజు కళ్లు తెరిచాక డాక్టరుగారు గోలీలు ఎలా వేసుకున్నావని అడిగారు. అప్పుడు బయటపడింది. అవ్వ కొమురవెల్లి మల్లన్న భక్తురాలు. జాతర రోజులు. ఆ మూడు నెలలూ వారంలో మూడు రోజులు ఒక్కపొద్దు ఉంటుంది, అంటే ఒక్క పూటే తింటుంది. రెండు పూటలు తిన్నాకే వేసుకోమన్నాం. తినేది ఒక్క పూట. మందు మానకూడదు కదా అని పొద్దుటివీ సాయంత్రంవీ కలిపి ఆ ఒక్క అన్నం మీదే మింగింది. చెప్పిన మాట ఒక్కటి కూడా తప్పలేదు.

"గిట్ల ఏస్కొమ్మని ఎవరు చెప్పిన్రవ్వా?" అని డాక్టరుగారు అడిగారు. నేను సెలైన్ సీసా పట్టుకుని అక్కడే ఉన్నాను. అవ్వ నా వైపు ఒకసారి చూసింది. "ఎవలు చెప్పలే సారూ. ఆ బిడ్డ మంచిగనే చెప్పింది. నేనే మర్శిన" అంది.

పెద్ద సిస్టర్ నన్ను నర్సుల గదిలోకి పిలిచారు. తిడతారనుకున్నాను, తిడితే బాగుండని కూడా అనుకున్నాను.

"నువ్వేం చెప్పినవ్?"

"తిన్నంక ఏస్కొమ్మన్న మేడమ్."

"ఎప్పుడు తింటవని అడిగినవా?"

"లేదు."

ఆమె గాజులకున్న పిన్నీసు ఒకటి తీసి మళ్లీ పెట్టుకున్నారు. "అవ్వ డిశ్చార్జయి ఇంటికి పోయినంక ఒక ఆదివారం చూస్కొని పోదాం. పొద్దుగాల మొదటి బస్సుకే రా" అన్నారు. మీకు చర్చి ఉంది కదా మేడమ్ అంటే, "దేవునికి నేను చెప్పుకుంటలే" అన్నారు.

అన్నట్టే వెళ్లాం, బస్సు దిగి ఆటోలో. అవ్వ మమ్మల్ని చూసి కంగారుపడిపోయింది. "నేనేమన్న తప్పు జేసిన్నా బిడ్డా? గింత దూరం ఎందుకొచ్చిన్రు?" అంది. తప్పు నాది అవ్వా అని చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. సిగ్గో భయమో, గొంతులోనే ఆగిపోయింది. పెద్ద సిస్టర్ మాత్రం, "ఏం తప్పు లేదక్కా. ఒక్క దినం నీ ఇంట్ల కూసొని పోదామని వచ్చినం, అంతే" అన్నారు. గడప పక్కన కూర్చుండిపోయారు. ఆ రోజంతా ఒక్క ప్రశ్న అడగనివ్వలేదు నన్ను. చూడమన్నారు.

చూశాను. అవ్వ గోడ పట్టుకుని లేచింది. తానం చేసి నొసట మల్లన్న బండారి పసుపు పెట్టుకుంది. కొడుకూ కోడలూ పత్తి చేనుకు వెళ్లిపోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. నీళ్ల బిందె పెరట్లో ఉంది, అక్కడికి మూడు మెట్లు దిగాలి. అందుకని నీళ్లు తక్కువ తాగుతోంది. మందుల డబ్బా దూలం కింది చెక్క మీద పెట్టారు, కింద పెడితే కోళ్లు లాగుతాయని. దాన్ని అందుకోవాలంటే మంచం ఎక్కి నిలబడాలి. అందులో మేమిచ్చిన గోలీలతో పాటు బీపీవీ, ఊరి డాక్టరు ఇచ్చిన నొప్పుల గోలీలు, ఎవరో బంధువు ఇచ్చిన పసరు సీసా ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక నైవేద్యం పెట్టి అప్పుడు తింది. తాను తినకుండానే మాకు రెండుసార్లు చాయ్ పెట్టింది. నేను కాగితం మీద రాసిన 'అర్థమైంది' అన్న మాటలో ఇవేవీ లేవు.

ఒక్కపొద్దు మానేయమని పెద్ద సిస్టర్ చెబుతారనుకున్నాను. చెప్పలేదు. "అక్కా, ఒక్కపొద్దుల పాలు తాగొచ్చునా? పండు తినొచ్చునా?" అని అడిగారు. పాలూ పండూ తప్పు లేదంది అవ్వ. ఆమె అక్కడినుంచే డాక్టరుగారికి ఫోన్ చేసి మాట్లాడారు. డాక్టరుగారు మందు తగ్గించి, ఒక్కపొద్దు రోజున ఏది ఎప్పుడు వేసుకోవాలో, ఏం కనిపిస్తే మానేసి ఫోన్ చేయాలో వివరంగా చెప్పారు. దాన్నంతా పెద్ద సిస్టర్ అవ్వ చేత తిరిగి చెప్పించారు, ఒకసారి కాదు, మూడుసార్లు. డబ్బాను కింద గూట్లోకి మార్చాం. లేవబోతూ పెద్ద సిస్టర్, అవ్వ పెట్టెలోంచి ఒక పాతచీర ముక్క అడిగి తీసుకున్నారు. మరుసటి వారం దాన్ని తాడు లాగితే మూతి ముడుచుకునే సంచిగా కుట్టి ఇచ్చారు. "ఎవలిచ్చిన మందైనా గిండ్ల ఏసుకో. దవాఖానకు వచ్చినప్పుడల్ల సంచి తెచ్చి నా ముందట కుమ్మరియ్" అన్నారు. అదే మొదటి మందుల సంచి.

తిరుగు బస్సులో ఆమె అన్న ఒక్క మాట: "తల ఊపుడు జవాబు కాదు. యాదుంచుకో." అవ్వ ఆ తర్వాత ఇంకో రెండు జాతరలు చూసి పోయింది. నా తప్పు నేను ఆమెకు చెప్పనే లేదు. తర్వాత చెబుదాంలే అనుకుంటూ ఉండగానే పోయింది.

పెద్ద సిస్టర్ క్లాసంతా ఆ ఆదివారం నుంచి పుట్టిందే. ప్రొజెక్టర్ లేదు. పొద్దున్నే అందరినీ కిందికి తీసుకెళ్లి దుకాణం అరుగు మీద కూర్చోబెట్టేవారు. ఆటో దిగే పెద్దవాళ్లను చూపించి, "ఆ తాత దిగుడు చూడున్రి. ఏ చేత్తోని పట్టుకున్నడు? రెండడుగులేసి ఎందుకు ఆగిండు?" అని అడిగేవారు. పైన హాల్లో కుర్చీలోంచి లేచి గోడదాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి మనిషికి ఎంతసేపు పడుతుందో కుడిచేతి గడియారం చూసి లెక్కపెట్టడం నేర్పేవారు. బరువు తగ్గారా అని అడిగితే ఎవరూ చెప్పలేరు, ఇంట్లో తూకం ఎక్కడుంటుంది? "గాజులు మోచేతి దాక ఎప్పటి నుంచి పోతున్నయ్ అని అడుగు. తాతలనైతే మొలతాడు ఎన్నిసార్లు బిగిచ్చుకున్నవ్ అని అడుగు" అనేవారు. ఇంట్లో నీతో ఎవరు మాట్లాడతారు, ఈ మధ్య ఎప్పుడన్నా పడ్డావా, నిన్న పొద్దున లేచిన కాడినుంచి పడుకునేదాకా ఏం చేశావో చెప్పు. ఇవీ ప్రశ్నలు. ఆఖరు ప్రశ్న, అన్నిటికన్నా ముఖ్యమైంది: "నీకేం కావాలె?"

ఆ ప్రశ్న వింటే నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నవ్వుకునేవారు. రోగికి ఏం కావాలి, తగ్గాలి, అంతే కదా అని. ఒకసారి హుస్నాబాద్ దగ్గరి ఊరి తాతను పిలిపించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్. వయసెక్కువని, చేసేదేం లేదని ఎక్కడో చెప్పి పంపించేశారు. ఆయనను అందరి ముందూ అడిగారు. తాత కొంచెంసేపు ఆలోచించి, "నా బర్రెను నేనే పిండుకోవాలె. కోడలు పిండితే అది చేపదు, పాలియ్యది" అన్నాడు. పెద్ద సిస్టర్ మా వైపు తిరిగి, "ఇన్నరా? బర్రె కాడ కూసునేంత ఊపిరి, బకెట్ లేపేంత బలం. మనకు పని దొరికింది. ఇగ డాక్టరు దగ్గరికి పోయి గిదే చెప్పాలె. మీరు కాగితాల వయసు రాస్తున్నరు గని మనిషిని రాస్తలేరు" అన్నారు. తాతకు మళ్లీ పరీక్షలు చేయించి, ఆయన ఒంటికి తట్టుకునే వైద్యం పెట్టించేదాకా ఊరుకోలేదు. తాత ఇప్పటికీ పాలు పిండుతున్నాడు.

ఇక మొదటి గంట కథ. "ఒక నర్సు ఉండె. మంచి పిల్లనే, గని తొందర ఎక్కువ" అని మొదలుపెట్టేవారు. అవ్వ కథంతా చెప్పేవారు. నేను వెనక సంచులు సర్దుతూ తల వంచుకునేదాన్ని. ప్రతి బ్యాచిలో ఎవరో ఒకరు, "అయ్యో, గా మాత్రం తెలివి లేదా మేడమ్ ఆ నర్సుకు? ఒక్కపొద్దు సంగతి ఎవలకు తెల్వది?" అనేవారు. అందరూ నవ్వేవారు. నేను కూడా పళ్లు ఇకిలించేదాన్ని. ఏం చేయను? క్లాసయ్యాక ఆమె, "వచ్చే బ్యాచికి నువ్వు చెప్పాలె" అనేవారు. నా వల్ల కాదు మేడమ్ అనేదాన్ని. "సరే, ఇంకోసారి చూద్దాం" అనేవారు. ఒక్కసారి కూడా బలవంతపెట్టలేదు. ఒక్కసారి కూడా అడగకుండా వదలలేదు.

రెండేళ్ల క్రితం ఆమెకే పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ తర్వాత హైదరాబాద్‌లో కొత్త డాక్టరు దగ్గరికి మేనల్లుడూ నేనూ తీసుకెళ్లాం. డాక్టరుగారు చిన్నవాడు, మంచివాడే. రిపోర్టు పట్టుకుని మేనల్లుడి వైపు తిరిగి, "మీ అత్తగారికి అన్నీ చెప్పకండి, ఈ వయసులో భయపడతారు" అని మొదలుపెట్టాడు. ఆమె మధ్యలోనే కూర్చుని ఉన్నారు. "సార్, పేగు నాది. వాని పేగు మంచిగనే ఉన్నది. జర నాతోని మాట్లాడున్రి" అన్నారు. డాక్టరుగారు ఉలిక్కిపడి, తర్వాత నవ్వేసి, కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

గోలీలతో పాటు సూది మందు కూడా ఇస్తే కొంత ఎక్కువ మేలు ఉండొచ్చు, కాని వేళ్లు మొద్దుబారతాయి, కొందరికి చాలాకాలం అలాగే ఉంటాయి అని వివరంగా చెప్పాడు. "సూదిల దారం ఎక్కియ్యస్తదా?" అని అడిగారామె. కష్టమేనన్నాడు. అయితే గోలీలు చాలన్నారు. అవ్వ వేసుకున్న గోలీలే అవి. బయటికి వచ్చాక నాకు ఒళ్లు మండిపోయింది. "ప్రాణం కన్న సంచులెక్కువనా మేడమ్?" అని అరిచాను, దవాఖాన వరండాలో, అందరూ చూస్తుండగా. ఆమె నా మొహంలోకి చూసి, "ఇన్నేండ్లు నా క్లాసుల కూసున్నవ్. నాకేం కావాల్నో నువ్వు చెప్తవా?" అన్నారు. అప్పటికి నాకు కోపం పోలేదు, కాని ఇప్పుడు చెబుతున్నాను, ఆమె చెప్పిందే సరైంది. ఆ తర్వాత మూడు బ్యాచులకు నేర్పారు. ప్రతి ఒక్కరికీ సంచి కుట్టారు. తన మందులూ అలాంటి సంచిలోనే తెచ్చి, టేబుల్ మీద కుమ్మరించి, "ఇయ్యాల పేషెంటును నేను. అడుగున్రి" అని కూర్చునేవారు. ఆఖరి ప్రశ్న అడిగినప్పుడు, "ఈ బ్యాచి అయ్యేదాక కూసునే నడుము కావాలె" అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఆ సోమవారానికి ముందు శనివారం ఆమె ఇంటికి వెళ్లాను. మంచం దిగే ఓపిక లేదు. గడపలో నిలబడే, "ఎట్లున్నరు మేడమ్?" అన్నాను. కళ్లతో స్టూలు చూపించారు. కూర్చున్నాను. "ఇగ అడుగు" అన్నారు. నొప్పి ఎప్పుడు ఎక్కువవుతోంది, ఏం మింగగలుగుతున్నారు, అన్నీ అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పి, చివరికి ఆమే నన్ను అడిగారు.

"బేస్తారం కథ ఎవలు చెప్తరు?"

గురువారం క్లాసుకు నా సాకు సిద్ధంగానే ఉంది. "మీ గొంతు ఫోన్ల రికార్డు చేసుకుంట మేడమ్. అందరికి వినిపిస్త" అన్నాను.

నవ్వబోయి దగ్గు తెచ్చుకున్నారు. నీళ్లు తాగించాను. "నా గొంతెన్క నువ్వు దాసుకుంటవా?" అన్నారు. ఇంకో గుక్క తాగి, "ఒక నర్సు అంటే వాళ్లు నవ్వుతరు. నేను అంటే నేర్సుకుంటరు. అంతే, ఇంకేం లేదు" అన్నారు. తర్వాత తలకింది మూట చూపించారు. గురువారం బ్యాచికి కుట్టిన సంచులు. అన్నీ అయిపోయాయి, ఒక్కదానికి మాత్రం తాడు ఎక్కించలేదు. "గది నువ్వు ఎక్కియ్" అన్నారు. అదే ఆమె నాతో అన్న ఆఖరి మాట.

మంగళవారం మధ్యాహ్నం సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, వెనక ఎక్కువమంది పెద్దవాళ్లే. హుస్నాబాద్ తాత రెండు బస్సులు మారి వచ్చాడు. భుజానికి మందుల సంచి వేలాడుతోంది. ఇక్కడికెందుకు తెచ్చినవ్ తాతా అని అడిగాను. "పెద్ద సిస్టర్ దగ్గరికి సంచి లేకుంట ఎట్లొస్త బిడ్డా?" అన్నాడు. ఆ పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా ఆ మాటతో పోయింది. తాత చెయ్యి పట్టుకుని బావురుమన్నాను. క్లాసుకు సాయం చేసే పెద్దమనిషి ఒకాయన పక్కకొచ్చి, వచ్చే నెలకు వాయిదా వేద్దామా అన్నారు. వద్దన్నాను. ఈ నెల మందులు రాయించుకుని ఊళ్లకు తిరిగొచ్చే పెద్దవాళ్లు వచ్చే నెలదాకా ఆగరు కదా.

గురువారం హాలు నిండింది. టేబుల్ మీద సంచులు, పక్కన ఆమె స్టూలు. తాడులేని సంచి నా చేతిలోనే ఉంది. పిన్నీసుకు తాడు గుచ్చి సంచి అంచులోకి తోస్తూ నిలబడ్డాను. తర్వాత గుర్తొచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఒక నర్సు ఉండె" అని మొదలుపెట్టాను. అలవాటుగా వచ్చేసింది. ఆగాను. "కాదు. ఆ నర్సును నేనే" అన్నాను.

ఆటో, నోటి పుండ్లు, అవ్వ నా వైపు చూసిన చూపు, "నేనే మర్శిన" అన్న మాట, ఊళ్లో గొంతులో ఆగిపోయిన నా మాట, అన్నీ చెప్పాను. ఏడ్చాను కాని మధ్యలో ఆపలేదు. అవ్వకు చెప్పాల్సింది ఇన్నేళ్లకు ఇక్కడ చెబుతున్నానని కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. తెలివి లేదా అని ఎవరూ అనలేదు.

రెండో వరుసలో ఒక ఆశా కార్యకర్త లేచి నిలబడింది. మొహం పాలిపోయింది. "మేడమ్, నేను గూడ గట్లనే చెప్పిన. పోయిన వారమే. మా ఊర్ల ఒక తాతకు. తిన్నంక ఏస్కో అన్న, తలూపిండు. ఎప్పుడు తింటడో అడగలే" అంది. "ఒక్క ఫోన్ చేసి రానా మేడమ్?"

పొమ్మన్నాను. ఆమె తలుపు అవతల, మెట్ల మీదికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది, అందరికీ కనిపిస్తోంది. ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడబోయింది. మళ్లీ ఏమనుకుందో, చీర కుచ్చిళ్లు సర్దుకుని మెట్టు మీద కూర్చుంది.

"తాతా, నేనే. ఏం తొందర లేదు. పొద్దుగాల లేసిన కాడికెల్లి ఏమేం చేస్తవో జర నాకు చెప్పు" అంది.

అట్లా కూర్చునే ఉంది, వింటూ. అరచేతిలో ఏదో రాసుకుంటోంది. మేమందరం ఎదురుచూస్తున్నాం. తాడు సంచి అంచు చుట్టూ తిరిగి నా వేళ్లకు అందింది.